కార్న్‌ఫర్త్ రైల్వే స్టేషన్

కార్న్‌ఫర్త్ రైల్వే స్టేషన్ వాయవ్య ఇంగ్లండ్‌లోని లాంకషైర్ కౌంటీలో, అదే పేరుగల చిన్న ఊళ్లో ఉంది. ఊరి జనాభా ఐదారు వేలు. దక్షిణాన ఉన్న లాంకస్టర్ నగరం ఇక్కడికి పది కిలోమీటర్ల దూరం. 1846లో మొదలైన ఈ స్టేషన్ ఆ శతాబ్దం ముగిసేలోపే మూడు రైల్వే కంపెనీల బండ్లు కలుసుకునే పెద్ద జంక్షన్ అయింది. 1945లో డేవిడ్ లీన్ ఇక్కడ తీసిన ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ సినిమా దీని పేరును దేశదేశాలకూ చేర్చింది. 1970లో మెయిన్ లైను ప్లాట్‌ఫారాలు మూతపడ్డాయి. లండన్–గ్లాస్గో ఎక్స్‌ప్రెస్‌లు నేటికీ దీని పక్కనుంచే వెళతాయి కానీ ఆగవు. స్టేషన్‌కు మిగిలినవి పక్కకు తిరిగే రెండు శాఖా లైన్ల బండ్లు, వాటి కోసం రెండు ప్లాట్‌ఫారాలు.

ఈ స్టేషన్‌ను సినిమాయే బతికించిందని తరచూ అంటారు. భవనాల మట్టుకు ఆ మాట నిజం. ఇక్కడ బండ్లు ఆగుతూ ఉండటానికి మాత్రం కారణాలు వేరే ఉన్నాయి. అవి ఆ ప్రాంతపు నేలలో, అక్కడ మూసేసిన మరో లైను చరిత్రలో దొరుకుతాయి.

రైలుకు ముందు

ఇంగ్లండ్ పడమటి తీరంలో మోర్‌కంబ్ అఖాతం అనే విశాలమైన సముద్రపు పాయ ఉంది. పోటు సమయంలో అంతా నీరు, ఆటు సమయంలో మైళ్ల కొద్దీ ఇసుక మేట. కార్న్‌ఫర్త్ ఆ అఖాతానికి తూర్పు గట్టున ఉన్న పల్లె. లండన్ నుంచి స్కాట్లండ్ వైపు వెళ్లే పాత పడమటి రహదారి ఈ పల్లె మీదుగానే పోతుంది. 1797లో లాంకస్టర్ కాలువ ఇక్కడి వరకూ వచ్చింది. బొగ్గు, సున్నపురాయి పడవల మీద నడిచాయి.

అఖాతానికి అవతల ఫర్నెస్ అనే ద్వీపకల్పం. ఇనుప ఖనిజానికి పేరుమోసిన ప్రాంతం. అక్కడికి చేరాలంటే కొండల చుట్టూ తిరిగి వెళ్లాలి, లేదా ఆటు వేళ చూసుకుని ఇసుక మీద అడ్డంగా దాటాలి. గుర్రపు బండ్లు చాలాకాలం ఇసుక మీదనే నడిచాయి. నదీ ప్రవాహాలు రోజుకో చోటికి మారతాయి, ఊబులు పుట్టుకొస్తాయి, పోటు తరుముకొస్తుంది. అందుకే దారి చూపేందుకు రాజు నియమించిన మార్గదర్శకుడు ఒకడు ఉండేవాడు. పదహారో శతాబ్దం నుంచీ వస్తున్న ఆ పదవి ఇప్పటికీ ఉంది. తర్వాతి రోజుల్లో కార్న్‌ఫర్త్ జంక్షన్ అయ్యిందంటే, ఆ అఖాతాన్ని దాటే పట్టాలు ఇక్కడినుంచే బయలుదేరడమే అందుకు మూలం.

మొదటి లైను

లాంకస్టర్–కార్లైల్ రైల్వేకు 1844లో పార్లమెంటు అనుమతి దొరికింది. ఇంజనీరు జోసెఫ్ లాక్. కొండలను తొలిచి సొరంగాలు వేయడం కంటే, నిట్టనిలువుగా అనిపించినా సరే పైకెక్కించి దించడం మేలని నమ్మిన మనిషి ఆయన. ఖర్చు తగ్గుతుంది, పని త్వరగా ముగుస్తుంది, ఇంజన్ల శక్తి ఎలాగూ ఏటేటా పెరుగుతుందన్నది ఆయన లెక్క. అందుకే దాదాపు 112 కిలోమీటర్ల ఈ లైనులో ఒక్క సొరంగం కూడా లేదు. షాప్ కొండ దగ్గర 75 అడుగులకు ఒక అడుగు ఎక్కే వాలు మాత్రం ఇంజను డ్రైవర్లకు తరతరాలపాటు పరీక్ష పెట్టింది. గుత్తేదారుల్లో థామస్ బ్రాసీ ఒకడు. ఆ కాలంలో ప్రపంచమంతటా రైల్వేలు కట్టిన వాడు. వేలాది కూలీలు పారలతో, గునపాలతో రెండున్నరేళ్లలో పని పూర్తిచేశారు.

లాంకస్టర్ నుంచి ఆక్సెన్‌హోమ్ వరకూ లైను 1846 సెప్టెంబరులో మొదలైంది. కార్న్‌ఫర్త్ స్టేషన్ పుట్టింది అప్పుడే. అప్పట్లో పక్కనున్న యీలండ్ పల్లె పేరును కూడా కలిపి పిలిచేవారు. అదే ఏడాది డిసెంబరులో లైను కార్లైల్ చేరింది. స్టేషన్ మొదటి భవనాలకు నమూనా గీసింది విలియం టైట్. లండన్‌లో రాయల్ ఎక్స్ఛేంజ్ భవనం గీసిన వాస్తుశిల్పి ఆయనే. పదేళ్లపాటు కార్న్‌ఫర్త్ మెయిన్ లైను మీద ఒక చిన్న పల్లె స్టేషన్, అంతే.

ఇసుక మీద పట్టాలు

1857లో అల్వర్‌స్టన్–లాంకస్టర్ రైల్వే కార్న్‌ఫర్త్ దగ్గర మెయిన్ లైనులో వచ్చి కలిసింది. అఖాతపు అంచు వెంట, రెండు నదీ ముఖద్వారాల మీదుగా వేసిన లైను అది. ఈ లైను కథ కొంచెం నిదానంగా చెప్పుకోదగింది. ఎందుకంటే కెంట్, లెవెన్ నదుల దగ్గర ఎంత లోతు తవ్వినా ఇసుకే తప్ప గట్టి నేల తగలలేదు. రాతి స్తంభాలు నిలబెట్టే వీలు లేదు.

ఇంజనీరు జేమ్స్ బ్రన్‌లీస్ దీనికి చేసిన ఉపాయం చాలా తెలివైంది. స్తంభాల కింద బోలు ఇనుప గొట్టాలు వాడాడు. ప్రతి గొట్టం అడుగునా వెడల్పాటి ఇనుప పళ్లెం. గొట్టాన్ని ఇసుక మీద నిలబెట్టి, లోపలినుంచి ఒత్తిడితో నీళ్లు కిందికి కొట్టేవారు. నీటి ధారకు అడుగున ఇసుక వదులై పైకి లేచేది, గొట్టం తన బరువుతో తానే దిగిపోయేది. చాలినంత లోతు దిగాక నీళ్లు ఆపితే ఇసుక మళ్లీ చుట్టూ బిగుసుకునేది. ఆ పళ్లెం బరువును నలువైపులా పంచి గొట్టం ఇంకా కుంగకుండా నిలిపేది. అర కిలోమీటరు పొడవైన కెంట్ వంతెనను ఈ పద్ధతిలోనే నిలబెట్టారు. తర్వాతి కాలంలో స్తంభాలను బలపరిచారు. ఆర్న్‌సైడ్ స్టేషన్ దాటగానే నేటి బండ్లు వెళ్లేది ఆ వంతెన మీదుగానే.

ఈ లైను పడ్డాక ఇసుక మీది గుర్రపు బండ్ల ప్రయాణం ముగిసింది. సముద్రపు గాలి తాకిడి మాత్రం తగ్గలేదు. 1903 ఫిబ్రవరి 27న తెల్లవారుజామున కార్న్‌ఫర్త్ నుంచి వెళుతున్న మెయిల్ బండిని లెవెన్ వంతెన మీద తుపాను గాలి కొట్టింది. పెట్టెలు పక్కకు ఒరిగి పడిపోయాయి, ఇంజను మాత్రం నిలబడింది. ప్రయాణికులు గాయపడ్డారు కానీ ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ తర్వాత వంతెన దగ్గర గాలి వేగం కొలిచే యంత్రం పెట్టారు. గాలి హద్దు మీరితే సిగ్నల్ కేబిన్‌లో గంట మోగేది, బండ్లు ఆగేవి.

మూడు కంపెనీల జంక్షన్

అల్వర్‌స్టన్ లైనును 1862లో ఫర్నెస్ రైల్వే కలిపేసుకుంది. మెయిన్ లైను అప్పటికే లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ కంపెనీ చేతిలోకి వెళ్లింది. మూడో కంపెనీ మిడ్‌లండ్. దాని ప్రధాన బలం తూర్పున, లీడ్స్ వైపు. ఐర్లండ్‌కూ, మాన్ దీవికీ వెళ్లే ఓడలకు ప్రయాణికులను చేర్చడానికి దానికి పడమటి తీరంలో ఒక రేవు కావాలి. ఫర్నెస్ కంపెనీ దగ్గర బారో రేవు ఉంది. రెండూ కలిసి వెన్నింగ్టన్ నుంచి కార్న్‌ఫర్త్ వరకూ సుమారు 15 కిలోమీటర్ల ఉమ్మడి లైను వేసి 1867లో తెరిచాయి. లీడ్స్‌లో ఎక్కినవాడు కార్న్‌ఫర్త్ మీదుగా నేరుగా ఓడ దగ్గర దిగేవాడు. 1904లో మిడ్‌లండ్ కంపెనీ హేషమ్‌లో సొంత రేవు కట్టుకున్నాక ఆ ఓడ బండ్ల వైభవం తగ్గింది.

మూడు కంపెనీలకూ కార్న్‌ఫర్త్‌లో మూడు వేర్వేరు లోకో షెడ్లు ఉండేవి. ఊరి పక్కన ఇనుము కొలిమి వెలిసింది. ఫర్నెస్ ఖనిజం పడమటి నుంచి, డర్హమ్ కోక్ బొగ్గు తూర్పు నుంచి రైళ్ల మీద వచ్చి ఇక్కడ కలిసేవి. 1880 ప్రాంతంలో స్టేషన్‌ను పెంచి కట్టారు. పల్లె పట్టణమైంది. రైల్వే పని, కొలిమి పని చేసేవాళ్ల ఇళ్ల వరుసలు లేచాయి. కొలిమి 1929లో ఆరిపోయింది.

1923లో చట్టం ప్రకారం దేశంలోని రైల్వేలను నాలుగు పెద్ద కంపెనీలుగా కలిపినప్పుడు ఈ మూడూ లండన్, మిడ్‌లండ్ అండ్ స్కాటిష్ అనే ఒకే కంపెనీలోకి చేరాయి. ఆ కంపెనీ 1930ల చివర స్టేషన్‌ను మళ్లీ విస్తరించింది. పొడవైన కొత్త ప్లాట్‌ఫారం, దాని మీద కాంక్రీటు కప్పు అప్పటివే. ప్లాట్‌ఫారాలను కలిపే సబ్‌వేకు మెట్లు కాక ఏటవాలు దారులు ఉన్నాయి. సామాను బళ్లు తోసుకుపోవడానికి వీలుగా ఉండే ఆ వాలు దారులు కొన్నేళ్లలో సినిమా చరిత్రకెక్కాయి.

1945 ఫిబ్రవరి

నోయెల్ కవర్డ్ 1936లో ‘స్టిల్ లైఫ్’ అనే చిన్న నాటకం రాశాడు. మిల్‌ఫర్డ్ జంక్షన్ అనే కల్పిత స్టేషన్‌లోని ఫలహారశాలలోనే కథంతా నడుస్తుంది. పెళ్లయి పిల్లలున్న లారా అనే గృహిణి ప్రతి గురువారం పట్నానికి వచ్చి సాయంత్రం బండికి ఇల్లు చేరుతుంటుంది. ఒకసారి దూసుకుపోయే ఎక్స్‌ప్రెస్ రేపిన నలుసు ఆమె కంట్లో పడుతుంది. అలెక్ అనే డాక్టరు దాన్ని తీస్తాడు. అతనికీ భార్యాపిల్లలున్నారు. పరిచయం ప్రేమవుతుంది, కొన్ని గురువారాల తర్వాత విడిపోతారు. డేవిడ్ లీన్ ఈ నాటకాన్ని సినిమాగా తీశాడు. తర్వాత ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై’, ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’, ‘ఎ పాసేజ్ టు ఇండియా’ తీసిన దర్శకుడు ఆయనే. లారాగా సీలియా జాన్సన్, అలెక్‌గా ట్రెవర్ హోవర్డ్ నటించారు.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియలేదు. లండన్ పరిసరాల్లో రాత్రిపూట స్టేషన్ నిండా సినిమా దీపాలు వెలిగించడం శత్రు విమానాలను పిలవడమే. కార్న్‌ఫర్త్ ఆగ్నేయ తీరానికి చాలా దూరం. దాడి వస్తోందని కబురందితే దీపాలు ఆర్పడానికి తగినంత వ్యవధి ఉంటుంది. ఇక్కడ చిత్రీకరించడానికి ఇదే ముఖ్య కారణం. రెండో కారణం ఆ వాలు దారులు. బండి అందుకోవడానికి పరుగెత్తే లారాకు మెట్ల కంటే వాలు మీద పరుగు తేలిక, కెమెరాకూ అందంగా కనబడుతుంది. మూడోది మెయిన్ లైను. వేగంగా పోయే ఎక్స్‌ప్రెస్‌లు రాత్రంతా తగలాలి, ఎందుకంటే కథలో ఆ బండ్లకూ పాత్ర ఉంది. నలుసు తెచ్చేది ఎక్స్‌ప్రెస్సే. చివర లారా ప్రాణం తీసుకోబోయి ఆగిపోయేదీ ఎక్స్‌ప్రెస్ ముందే.

ఫిబ్రవరి చలిలో, మామూలు ప్రయాణికుల రద్దీ తగ్గాక, రాత్రి పది నుంచి తెల్లవారే వరకూ చిత్రీకరణ సాగింది. ఫలహారశాల లోపలి సన్నివేశాలు మాత్రం డెన్హమ్ స్టూడియోలో వేసిన సెట్టులోనివి. స్టేషన్ ప్రకటనల గొంతు నోయెల్ కవర్డ్‌దే. నేపథ్యంలో రహ్మనినోవ్ రెండో పియానో కచేరీ వినిపిస్తుంది. సినిమా 1945 నవంబరులో విడుదలై, మరుసటి ఏడాది కాన్ ఉత్సవంలో పెద్ద బహుమతి పంచుకున్న చిత్రాల్లో ఒకటైంది. రాబర్ట్ క్రాస్కర్ కెమెరా పట్టిన ఆవిరి, పొగ, తడిసిన ప్లాట్‌ఫారం, గోడ మీద కదిలే పెట్టెల కిటికీల వెలుగు చూస్తే, ఒక రైల్వే స్టేషన్‌ను ఇంతకంటే ప్రేమగా చూపిన సినిమా లేదనిపిస్తుంది.

సినిమాలో పదే పదే కనబడే గడియారం స్టేషన్‌దే. ష్రాప్‌షైర్‌లోని విట్‌చర్చ్ ఊళ్లో జాయిస్ సంస్థ 1895లో చేసింది. ప్లాట్‌ఫారం మీద, సబ్‌వే దారికి పైన వేలాడుతూ రెండు వైపులా ముఖాలున్న గడియారం అది.

కోతలు

1948లో రైల్వేలు ప్రభుత్వపరమయ్యాయి. 1963లో బీచింగ్ నివేదిక వచ్చింది. నష్టాల్లో ఉన్న లైన్లు, చిన్న స్టేషన్లు వేల సంఖ్యలో మూసేయమన్న నివేదిక అది. కార్న్‌ఫర్త్‌కు దెబ్బ విడతలవారీగా తగిలింది. ఉత్తరానికి ఊరూరా ఆగుతూ వెళ్లే బండ్లు రద్దయ్యాయి. 1968–69లో ఇరుగుపొరుగు చిన్న స్టేషన్లయిన మిల్న్‌థార్ప్, హెస్ట్ బ్యాంక్, బోల్టన్-లె-సాండ్స్ మూతపడ్డాయి. 1970 మే నెలలో కార్న్‌ఫర్త్ మెయిన్ లైను ప్లాట్‌ఫారాలకు బండ్లు ఆగిపోయాయి. ప్లాట్‌ఫారాల అంచులు కోసేశారు. మెయిన్ లైనుకూ మిగిలిన స్టేషన్‌కూ నడుమ కంచె వేశారు. 1974లో గ్లాస్గో వరకూ విద్యుత్ బండ్లు మొదలయ్యాయి. ఇవాళ లాంకస్టర్‌కూ కార్లైల్‌కూ మధ్య మెయిన్ లైను మీద మిగిలినవి ఆక్సెన్‌హోమ్, పెన్రిత్ అనే రెండే స్టేషన్లు.

అయితే శాఖా లైన్లు రెండూ బతికాయి. ఫర్నెస్ లైను బతకడానికి కారణం ఆ ద్వీపకల్పమే. బారోలో ఓడలు, జలాంతర్గాములు కట్టే కార్ఖానా ఉంది. అక్కడినుంచి దక్షిణానికి దగ్గర దారి రైల్లో ఇదొక్కటే. లీడ్స్ లైను బతకడం ఇంకా ఆసక్తికరం. లీడ్స్ నుంచి మోర్‌కంబ్‌కు అసలు దారి వెన్నింగ్టన్ నుంచి లాంకస్టర్ గ్రీన్ ఏర్ మీదుగా ఉండేది. 1966 జనవరిలో దాన్ని మూసేశారు. రెండు దారుల్లో ఒకటి పోయింది కనుక ఆ బండ్లను కార్న్‌ఫర్త్ వైపు మళ్లించారు. పందొమ్మిదో శతాబ్దంలో ఓడ ప్రయాణికుల కోసం వేసిన ఉమ్మడి లైను, మధ్యలోని స్టేషన్లన్నీ 1960 నాటికే మూతపడినా, ఆ ఒక్క మళ్లింపుతో నిలబడింది. సినిమా ఊసే లేకపోయినా ఈ రెండు లైన్లూ కార్న్‌ఫర్త్‌లో బండ్లను ఆపేవే. ఈ సంగతి స్టేషన్ గురించిన కథనాల్లో చాలాసార్లు మరుగున పడుతుంది.

ఆవిరి ఇంజన్ల ఆఖరి మజిలీ

బ్రిటిష్ రైల్వేలో చివరిదాకా ఆవిరి ఇంజన్లు పనిచేసిన మూడు షెడ్లలో కార్న్‌ఫర్త్ ఒకటి. మిగిలిన రెండూ లాంకషైర్‌లోనివే: లాస్టక్ హాల్, రోజ్ గ్రోవ్. మూడూ 1968 ఆగస్టులో మూతపడ్డాయి. మిగతాచోట్ల షెడ్లను నేలమట్టం చేశారు. ఇక్కడి షెడ్‌ను రైలు ప్రేమికులు నిలబెట్టుకుని ‘స్టీమ్‌టౌన్’ పేరుతో ప్రదర్శనశాలగా మార్చారు. పేరుమోసిన ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ ఇంజను కూడా కొంతకాలం ఇక్కడ ఉంది. 1997లో ప్రదర్శనశాల సందర్శకులకు మూతపడింది. ఆ ఆవరణ ఇప్పుడు వెస్ట్ కోస్ట్ రైల్వేస్ అనే సంస్థకు కేంద్రం. స్కాట్లండ్‌లో గ్లెన్‌ఫిన్నన్ వంతెన మీదుగా వెళ్లే ‘జాకొబైట్’ ఆవిరి బండిని నడిపేది ఈ సంస్థే. హ్యారీ పోటర్ సినిమాలు చూసినవారికి ఆ వంతెన గుర్తుంటుంది. ఇంజన్లలోకి పైనుంచి బొగ్గు పోసే కాంక్రీటు బురుజు ఇంకా అక్కడ నిలబడే ఉంది. ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడంగా గుర్తించింది.

పునరుద్ధరణ

మెయిన్ లైను పోయాక స్టేషన్ భవనాలను పట్టించుకున్నవాళ్లు లేరు. కిటికీలకు చెక్కలు కొట్టారు, కప్పులు కారాయి, గడియారం కూడా స్థానం తప్పింది. 1996లో కార్న్‌ఫర్త్ స్టేషన్ అండ్ రైల్వే ట్రస్ట్ ఏర్పడింది. సుమారు 15 లక్షల పౌండ్లు సమకూర్చి భవనాలను బాగుచేయించింది. గడియారాన్ని తిరిగి సంపాదించి, మరమ్మతు చేయించి పాత చోటనే వేలాడదీశారు. 2003 అక్టోబరులో సందర్శక కేంద్రం తెరుచుకుంది. సినిమా సెట్టును పోలిన ఫలహారశాల, రైల్వే చరిత్ర ప్రదర్శన, ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ మళ్లీ మళ్లీ ఆడే చిన్న సినిమా హాలు అందులో భాగాలు. నడిపినవాళ్లలో ఎక్కువమంది జీతం తీసుకోని ఊరివాళ్లే. సెట్టుకు నమూనా ఈ స్టేషన్ ఫలహారశాలే. సెట్టు చూసి అసలు స్టేషన్‌లో మళ్లీ ఫలహారశాల కట్టడం సినిమా, స్టేషన్ల ఇచ్చిపుచ్చుకోవడంలో చివరి మలుపు.

ఈ పనిలో మెచ్చుకోవలసింది గతం మీది మమకారం ఒక్కటే కాదు. పాడుబడిన భవనాలున్న స్టేషన్‌ను కుదించి ఒక రేకుల షెడ్డుతో సరిపెట్టడం అధికారులకు తేలిక. భవనాలు నిండుగా, జనంతో కళకళలాడుతుంటే ఆ ఆలోచన రాదు. ట్రస్ట్ ఊరికి చేసిన అసలు మేలు ఇదే.

నేటి సేవలు

స్టేషన్‌లో ప్రస్తుతం రెండు ప్లాట్‌ఫారాలు వాడుకలో ఉన్నాయి. రెండూ మెయిన్ లైను నుంచి పడమటికి వంపు తిరిగే లైను మీదే ఉన్నాయి. ఇక్కడ ఆగే బండ్లన్నీ నార్తర్న్ సంస్థవి. 2020 మార్చి 1 నుంచి ఆ సంస్థ ప్రభుత్వ యాజమాన్యంలో నడుస్తోంది. ఒక దారి లాంకస్టర్ నుంచి ఆర్న్‌సైడ్, గ్రేంజ్-ఓవర్-సాండ్స్, అల్వర్‌స్టన్ మీదుగా బారో వెళుతుంది. ఈ దారిలో కొన్ని బండ్లు మాంచెస్టర్ విమానాశ్రయం నుంచి నేరుగా వస్తాయి. విదేశాల నుంచి వచ్చేవారికి కార్న్‌ఫర్త్ చేరడానికి ఇదే సులువైన మార్గం. ఈ బండ్లు 2016 వరకూ ట్రాన్స్‌పెన్నైన్ సంస్థ చేతిలో ఉండేవి. 2019 నుంచి వీటికి క్లాస్ 195 రకం కొత్త డీజిల్ పెట్టెలు వచ్చాయి.

రెండో దారి లీడ్స్–మోర్‌కంబ్ లైను. దీనిని బెంథమ్ లైను అని కూడా అంటారు. రోజుకు కొన్ని బండ్లే నడుస్తాయి. కార్న్‌ఫర్త్ దాటి వంపు తిరిగి, మెయిన్ లైనుకు అవతలికి వెళ్లి, వెన్నింగ్టన్, బెంథమ్, స్కిప్టన్ మీదుగా లీడ్స్ చేరతాయి. పచ్చని కొండల నడుమ సాగే ఈ ప్రయాణం తొందర లేనివారికి ఎంతో బాగుంటుంది.

మెయిన్ లైను ప్లాట్‌ఫారాలను మళ్లీ కట్టాలని ఊరివాళ్లు చాలాసార్లు అడిగారు. వేగంగా పోయే బండ్ల మధ్య ఆగే బండికి చోటు దొరకదనీ, దిగేవాళ్లు అంతమంది ఉండరనీ అధికారుల వాదన. ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఆగాలని ఎవరూ అడగడం లేదు. పొద్దున రెండు, సాయంత్రం రెండు బండ్లు ఆగినా ఉత్తరానికి పనికీ, చదువుకూ వెళ్లేవారి అవస్థ తీరుతుంది. అందాకా, ఉత్తరాన ఇరవై కిలోమీటర్లకు కాస్త పైగా ఉన్న ఆక్సెన్‌హోమ్‌కు కార్న్‌ఫర్త్ నుంచి రైల్లో వెళ్లాలంటే ముందు దక్షిణానికి లాంకస్టర్ వెళ్లాలి. అక్కడ బండి మారితే, ఆ బండి కార్న్‌ఫర్త్‌లో ఆగకుండానే దాని మీదుగా ఆక్సెన్‌హోమ్ చేరుస్తుంది.